చైనా కంచు అద్దాలు: వెనుక శిల్పం, ముందు శాస్త్రం

గాజు అద్దం ఇళ్లలోకి రాకముందు మనిషి తన ముఖాన్ని లోహంలో చూసుకున్నాడు. రాగి, తగరం కలిపి పోతపోసి, సానపట్టి మెరుగుపెట్టిన కంచు బిళ్లే అప్పటి అద్దం. సింధులోయ ప్రజలు, ఈజిప్షియన్లు, గ్రీకులు కూడా లోహపు అద్దాలు వాడినా, ఆ పనితనాన్ని శిఖరానికి చేర్చినది చైనా. అక్కడ సుమారు నాలుగు వేల ఏళ్ల క్రితం మొదలైన కంచు అద్దం, యూరప్ గాజు అద్దాలు వచ్చిన చింగ్ వంశపు కాలం దాకా వాడుకలో నిలిచింది.

చైనా కంచు అద్దం సాధారణంగా గుండ్రంగా ఉంటుంది. చిన్నవి అరచేతిలో ఇముడుతాయి, పెద్దవి పళ్లెమంత ఉంటాయి. ముందు వైపు నున్నగా, నగిషీ ఏదీ లేకుండా మెరుస్తుంది. వెనుక వైపు పోతలోనే తేలిన చిత్రాలు, అక్షరాలు ఉంటాయి. వెనుక నడిమధ్యన ఒక బొడిపె, దానికి అడ్డంగా ఒక బెజ్జం ఉంటాయి. ఆ బెజ్జంలో పట్టుతాడు దూర్చి చేత్తో పట్టుకునేవారు, లేదా కొయ్య స్టాండుకు తగిలించేవారు. గ్రీకు, ఈజిప్షియన్ అద్దాలకు ఉండే పిడి చైనాలో చాలాకాలం దాకా కనబడదు.

ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలు చాలావాటిలో ఇలాంటి అద్దాలు ఉన్నాయి. దాదాపు అన్నిచోట్లా సందర్శకులకు కనిపించేది వెనుక వైపే. అద్దంగా పనిచేసిన ముందు వైపు పెట్టె అడుగుకో గోడకో తిరిగి ఉంటుంది. వెనుక వైపు చైనా చరిత్రను చెబుతుంది. ముందు వైపు లోహశాస్త్రాన్ని, కాంతిశాస్త్రాన్ని చెబుతుంది. రెండూ కలిస్తేనే వస్తువు పూర్తిగా అర్థమవుతుంది.

తొలి అద్దాలు

ఇప్పటివరకు దొరికిన చైనా అద్దాల్లో అతి పురాతనమైనవి వాయవ్య ప్రాంతపు చీజియా సంస్కృతికి చెందినవి. వాటి కాలం క్రీ.పూ. 2000 ప్రాంతం. చింగ్‌హాయ్ రాష్ట్రంలో గామాతాయ్ అనే చోట ఒక సమాధిలో దొరికిన చిన్న అద్దం వెనుక ఏడు కొనల నక్షత్రం గీసి ఉంది. బీజింగ్‌లోని చైనా జాతీయ మ్యూజియం దీన్ని ప్రదర్శిస్తోంది.

షాంగ్ వంశపు కాలానికి చైనాలో కంచు పోత అద్భుతమైన స్థాయికి చేరింది. అయినా అద్దాలు మాత్రం అరుదు. 1976లో ఆన్యాంగ్‌లో తవ్విన ఫూ హావో సమాధి దీనికి మంచి సాక్ష్యం. ఆమె క్రీ.పూ. 1200 ప్రాంతంలో పాలించిన వూ డింగ్ రాజు భార్య, స్వయంగా సేనలను నడిపిన వీరనారి. ఆ సమాధిలో 460కి పైగా కంచు వస్తువులు దొరికితే వాటిలో అద్దాలు నాలుగే. అప్పటి కంచు ప్రధానంగా పితృదేవతలకు నైవేద్యం పెట్టే పాత్రలకు, ఆయుధాలకు వెళ్లేది.

క్రీ.పూ. 5 నుంచి 3వ శతాబ్దం వరకు సాగిన పోరాట రాజ్యాల కాలంలో పరిస్థితి మారింది. దక్షిణాన చూ రాజ్యంలో పలుచని, నాజూకైన అద్దాలు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. పర్వతం అనే అర్థమిచ్చే చీనా అక్షరాన్ని ఏటవాలుగా నాలుగైదు సార్లు పేర్చిన నమూనా ఈ కాలపు గుర్తు. దేవతల కోసం పోసిన లోహం మనుషుల అలంకరణకు కూడా చేరింది.

హాన్ యుగం: అద్దంలో విశ్వం

క్రీ.పూ. 206 నుంచి క్రీ.శ. 220 వరకు సాగిన హాన్ పాలనలో అద్దం సంపన్న గృహాలకు నిత్యావసరమైంది. లక్క పూసిన అలంకరణ పెట్టెలో దువ్వెనలతో పాటు అద్దం ఉండేది. యజమాని మరణిస్తే సమాధిలో తల దగ్గరో ఛాతీ మీదో పెట్టేవారు. అద్దం చెడును తరిమి చీకటి లోకంలో వెలుగునిస్తుందని నమ్మకం.

ఈ కాలపు ఒక రకం అద్దాలకు పరిశోధకులు మూడు రోమన్ అక్షరాల పేరు పెట్టారు: టీఎల్‌వీ అద్దాలు. వాటి వెనుక చిత్రాన్ని దగ్గరగా చూస్తే అప్పటి విశ్వభావన మొత్తం కనబడుతుంది. బొడిపె చుట్టూ ఒక చతురస్రం ఉంటుంది, అది భూమి. చతురస్రం లోపల అంచుల వెంట కాలాన్ని, దిక్కులను లెక్కించే పన్నెండు గుర్తుల పేర్లు వరుసగా ఉంటాయి. అంచు దగ్గరి వలయం ఆకాశం. చతురస్రానికీ వలయానికీ మధ్య ఆ మూడు అక్షరాల ఆకారంలో గీతలు కొలిచినట్టు నిలిచి ఉంటాయి. మిగిలిన ఖాళీలో తూర్పుకు నీలి డ్రాగన్, పడమరకు తెల్లపులి, దక్షిణానికి ఎర్రపక్షి, ఉత్తరానికి పాము చుట్టుకున్న తాబేలు కొలువుంటాయి. మన ఆలయాల్లో అష్టదిక్పాలకులు ఉన్నట్టే, అక్కడ నాలుగు దిక్కులకు నలుగురు కాపలాదారులు. ఆ మూడు గుర్తులే లియుబో అనే అప్పటి జూదపు పలక మీద కూడా ఉన్నాయి. క్రీ.శ. 9 నుంచి 23 వరకు సింహాసనం ఆక్రమించిన వాంగ్ మాంగ్ కాలంలో ఈ నమూనా బాగా వ్యాపించింది.

చాలా అద్దాల వెనుక వలయాకారంలో శాసనాలు కూడా ఉంటాయి. దీర్ఘాయువు, పెద్ద పదవి, పుత్రపౌత్రాభివృద్ధి కలగాలని కొన్ని దీవిస్తాయి. అద్దం రాజకర్మాగారంలో తయారైందని, మేలైన లోహం వాడామని కొన్ని చాటుకుంటాయి. దూరంగా ఉన్న ఆత్మీయులు తమను మరువవద్దని కొన్ని వేడుకుంటాయి.

గుండ్రని అద్దాలకు భిన్నమైనవి కూడా ఈ కాలంలో ఉన్నాయి. షాన్‌డోంగ్ రాష్ట్రం లింజీలో చీ రాజు సమాధికి చెందిన గుంటలో దొరికిన దీర్ఘచతురస్రాకారపు అద్దం ఎత్తు 115.1 సెంటీమీటర్లు, వెడల్పు 57.7 సెంటీమీటర్లు, బరువు 56.5 కిలోలు. జిబో నగరపు మ్యూజియంలో ఉన్న ఈ అద్దాన్ని ఒక మనిషి ఎత్తి పట్టుకోవడం అసాధ్యం. దేనికైనా ఆనించి నిలిపే వాడాలి. క్రీ.పూ. 74లో 27 రోజులు మాత్రమే చక్రవర్తిగా ఉండి పదవి పోగొట్టుకున్న ల్యూ హ సమాధి నాన్‌చాంగ్ దగ్గర బయటపడింది. అందులోని పెద్ద అద్దపు చట్రం మీద కన్ఫ్యూషియస్, ఆయన శిష్యుల బొమ్మలు, జీవిత విశేషాలు ఉన్నాయి. వేషం సరిచేసుకునే చోటే నడవడిని కూడా సరిచూసుకోమన్న బోధ అందులో స్పష్టంగా ఉంది.

టాంగ్ వైభవం, దేశాంతర యాత్ర

618 నుంచి 907 వరకు సాగిన టాంగ్ పాలన అద్దాలకు స్వర్ణయుగం. లోహం మందంగా, తెల్లగా మారింది. గుండ్రని అంచుతో పాటు ఎనిమిది రేకుల పువ్వు ఆకారం కూడా వచ్చింది. పశ్చిమాసియా నుంచి వచ్చిన ద్రాక్షతీగల మధ్య సింహాలు ఆడుకునే నమూనా ఈ యుగానికే పేరు తెచ్చింది. ముత్యపు చిప్ప ముక్కలు పొదగడం, వెండి బంగారు రేకులు లక్కతో అతకడం అప్పటి ప్రత్యేకతలు.

చైనాలో అద్దం నీతికి కూడా ప్రతీక. నిర్భయంగా తప్పులు ఎత్తిచూపే మంత్రి వెయ్ చెంగ్ 643లో మరణించినప్పుడు, తన లోపాలు చూపే అద్దం పోయిందని తాయ్‌జోంగ్ చక్రవర్తి దుఃఖించినట్టు చరిత్ర చెబుతుంది. మన కృష్ణాతీరంలోని ధాన్యకటకాన్ని దర్శించిన యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ 645లో స్వదేశం చేరినప్పుడు ఆదరించింది ఈ చక్రవర్తే.

ప్రేమకు కూడా అద్దం గుర్తయింది. 589లో చెన్ రాజ్యం కూలే సమయాన లెచాంగ్ రాకుమారి, ఆమె భర్త ఒక అద్దాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి దాచుకున్నారని, ఆ ముక్కల ఆధారంగానే మళ్లీ కలుసుకున్నారని కథ. భార్యాభర్తలు తిరిగి ఒకటవడాన్ని పగిలిన అద్దం అతుక్కోవడంగా చీనా భాషలో నేటికీ చెబుతారు.

చైనా అద్దాలు ఎల్లలు దాటి చాలా దూరం వెళ్లాయి. ఆఫ్ఘనిస్తాన్‌లోని తిల్యా తెపేలో 1978లో తవ్విన క్రీ.శ. ఒకటో శతాబ్దపు సమాధుల్లో బంగారు నగలతో పాటు హాన్ అద్దాలు ఉన్నాయి. వియత్నాం దక్షిణాన ఓక్ ఎయో రేవులోనూ హాన్ అద్దం దొరికింది. క్రీ.శ. 239లో జపాన్ రాణి హిమికోకు చైనాలోని వెయ్ రాజ్యపు చక్రవర్తి వంద అద్దాలు పంపినట్టు చైనా చరిత్రగ్రంథం నమోదు చేసింది. జపాన్ సమాధుల్లో త్రికోణపు అంచు గల అద్దాలు 500కు పైగా దొరికాయి. 1998లో నారా రాష్ట్రంలోని కురోజుకా సమాధిలోనే అలాంటివి 33 బయటపడ్డాయి. అవి చైనాలో పోసినవా, జపాన్‌లో పోసినవా అన్న చర్చ పండితుల్లో ఇంకా తెగలేదు. లోహంలోని సీసపు ఐసోటోపుల నిష్పత్తి గనిని బట్టి మారుతుంది కనుక, ఈ చర్చలో రసాయన విశ్లేషణ ముఖ్యమైన సాక్షిగా నిలుస్తోంది.

హిందూ మహాసముద్రపు వ్యాపారంలోనూ అద్దాలు ఉన్నాయి. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర తొమ్మిదో శతాబ్దపు ఓడ ఒకటి దొరికింది. పలకలను తాళ్లతో కుట్టి కట్టిన పశ్చిమాసియా తరహా ఓడ అది. సుమారు 60,000 పింగాణీ, మట్టి పాత్రల మధ్య 29 కంచు అద్దాలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని మీద 758వ సంవత్సరానికి సరిపోయే తేదీ, యాంగ్‌జౌ పేరు ఉన్నాయి. యాంగ్‌త్సే నది నడుమ పోత పోస్తారని ప్రసిద్ధి చెందిన యాంగ్‌జౌ అద్దాల గురించి అంతవరకు పుస్తకాల్లోనే చదివినవారికి అది ప్రత్యక్ష సాక్ష్యం. సింగపూర్‌లోని ఆసియా నాగరికతల మ్యూజియంలో ఈ ఓడ సరుకు ప్రదర్శనలో ఉంది.

పాళ్ల రహస్యం

రాగి ఎర్రగా ఉంటుంది, అందులో ముఖం చూస్తే రంగు మారుతుంది. తగరం పాలు పెరిగేకొద్దీ కంచు పసుపుకు, ఆపై వెండి తెలుపుకు తిరుగుతుంది. కత్తులకు పది, పదిహేను శాతం తగరం చాలు. హాన్, టాంగ్ అద్దాల్లో తగరం 22 నుంచి 26 శాతం, సీసం సుమారు 5 శాతం, మిగిలినది రాగి. శతాబ్దాల పాటు ఈ పాళ్లు పెద్దగా మారలేదు. కొలిమి దగ్గర అనుభవంతో తేలిన లెక్క ఎంత స్థిరపడిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరు రకాల వస్తువులకు ఆరు పాళ్లు చెప్పే 'కావ్‌గోంగ్ జీ' అనే పురాతన శిల్పశాస్త్ర గ్రంథం కూడా అన్నింటికన్నా ఎక్కువ తగరం అద్దాలకే విధించింది.

తగరం వల్ల మరో లాభం ఉంది. స్వచ్ఛమైన రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. తగరం నాలుగో వంతుకు చేరితే మిశ్రమం 800 డిగ్రీల దరిదాపుల్లోనే ద్రవంగా మారుతుంది. సీసం కంచులో కలిసిపోదు. చిన్న బిందువులుగా విడిగా ఉండిపోతుంది. కానీ ద్రవలోహం బాగా పారేలా చేసి, అచ్చులోని సన్నని గీతల్లోకి కూడా నింపుతుంది. నష్టం కూడా ఉంది. ఇంత తగరం ఉన్న కంచు గట్టిది, పెళుసుది. సుత్తితో కొడితే వంగదు, పగులుతుంది. అందుకే అద్దాన్ని సాగగొట్టే వీలు లేదు, పోత పోయాల్సిందే.

పోతకు రెండు మట్టి అచ్చులు కావాలి. ఒకదాని మీద వెనుక వైపు నగిషీని లోతుగా చెక్కుతారు. రెండోది నున్నగా ఉంటుంది. రెండింటినీ మూసి, పై నుంచి కరిగిన కంచు పోస్తారు. లింజీలో హాన్ కాలపు అద్దాల కార్ఖానాలు, వాటి మట్టి అచ్చులు తవ్వకాల్లో దొరికాయి. ఆ అచ్చులు వాటి పరిమాణానికి తగ్గ బరువు లేకుండా తేలికగా, సన్నని రంధ్రాలతో ఉంటాయి. పోతలో పుట్టే వాయువులు బయటికి పోయి, అద్దం బుడగలు లేకుండా రావడానికి ఈ మట్టి తోడ్పడింది.

మెరుగు, వంపు

అచ్చులోంచి తీసిన అద్దం మసకగా ఉంటుంది. దాన్ని గరుకు రాళ్లతో, ఆపై సన్నని పొడులతో రుద్ది సాన పెట్టాలి. క్రీ.పూ. రెండో శతాబ్దపు 'హువాయ్‌నాన్‌జీ' గ్రంథం కొత్త అద్దానికి ఒక రకం తగరపు పొడి పూసి, తెల్లని ఉన్నిబట్టతో రుద్దితేనే వెంట్రుకలు కూడా స్పష్టంగా కనిపిస్తాయని వర్ణిస్తుంది. ఆ పొడిలో తగరంతో పాదరసం కలిసి ఉండేదని చాలామంది పండితుల అభిప్రాయం. వాడుతున్నకొద్దీ మసకబారే అద్దాలకు మళ్లీ మెరుగుపెట్టడం తర్వాతి కాలంలో ఒక వృత్తి. మెరుగుపెట్టేవారు వీధి వీధి తిరిగేవారు.

చిన్న అద్దాల ముందు వైపు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. దీని కారణాన్ని 11వ శతాబ్దపు శాస్త్రవేత్త షెన్ కువో చక్కగా గ్రహించాడు. చదునైన చిన్న అద్దంలో ముఖం మొత్తం పట్టదు. కుంభాకారపు అద్దం ప్రతిబింబాన్ని చిన్నది చేస్తుంది కాబట్టి ముఖమంతా ఇముడుతుంది. అద్దం పరిమాణాన్ని బట్టి వంపును నిర్ణయించే పూర్వుల నేర్పును మెచ్చుకున్న షెన్ కువో, తన కాలపువారు పాత అద్దాల వంపును అరగదీసి చదును చేయడం చూసి బాధపడ్డాడు. దీనికి విరుద్ధంగా, లోపలికి వంగిన పుటాకారపు కంచు అద్దాలతో సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చి నిప్పు రాజేసేవారు.

కంచు అద్దానికి, ఇంట్లోని గాజు అద్దానికి ఒక తేడాను ఎవరైనా పరీక్షించవచ్చు. గాజు అద్దానికి వేలి కొన ఆనిస్తే, వేలికీ ప్రతిబింబానికీ మధ్య కొద్దిపాటి ఎడం కనిపిస్తుంది. కాంతిని తిప్పికొట్టే పూత గాజు వెనుక ఉండడమే కారణం. కంచు అద్దంలో పైతలమే కాంతిని తిప్పికొడుతుంది. అందువల్ల వేలూ ప్రతిబింబమూ తాకుతాయి. ఈ గుణం వల్లనే దూరదర్శినులకు కూడా మొదట తగరం ఎక్కువగా ఉన్న కంచే పనికొచ్చింది. 1668లో న్యూటన్ చేసిన తొలి ప్రతిఫలన దూరదర్శిని అద్దం రాగి, తగరాల మిశ్రమమే. 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ నెలకొల్పిన 72 అంగుళాల దూరదర్శినికి కూడా అదే జాతి లోహం. తర్వాత లోహపు పూత వేసిన గాజు అద్దాలు వచ్చాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని ఆ పరంపరలోదే. అక్కడ కూడా పూత గాజుకు ముందు వైపే ఉంటుంది.

కాంతి చొరబడినట్టు కనిపించే అద్దం

కొన్ని చైనా, జపాన్ అద్దాల్లో ముఖం మామూలుగానే కనిపిస్తుంది. కానీ ముందు వైపు మీద ఎండ పడేలా పట్టి, ఆ వెలుగును గోడ మీదికి మళ్లిస్తే, వెనుక వైపున ఉన్న చిత్రం గోడ మీద కాంతిరేఖలుగా తేలుతుంది. కాంతి లోహంలోంచి దూసుకుపోయినట్టే అనిపిస్తుంది. చైనాలో వీటిని కాంతి చొరబడే అద్దాలంటారు. ఇటువంటివి తన ఇంట్లో మూడు ఉన్నాయని రాసిన షెన్ కువో, పోత చల్లారేటప్పుడు పలుచని భాగాలు ముందు, మందపు భాగాలు తర్వాత గట్టిపడడం వల్ల ముందు తలంలో కంటికి ఆనని ముడతలు ఏర్పడతాయని ఊహించాడు. దాదాపు వెయ్యేళ్ల క్రితం చేసిన ఆ ఊహ నిజానికి చాలా దగ్గరగా ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వింతను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో తొలి వ్యక్తుల్లో ఒకరు కలకత్తాలో ఉండేవారు. ఆయన జేమ్స్ ప్రిన్సెప్, తర్వాత బ్రాహ్మీ లిపిని చదివి అశోకుని శాసనాల గుట్టు విప్పిన పండితుడు. 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన ఈ అద్దాల మీద వ్యాసం ప్రచురించారు. జపాన్‌లో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు అయర్టన్, పెర్రీ 1870ల చివర కారణాన్ని వివరంగా నిరూపించారు.

విషయం ఇది. అద్దం పలుచగా ఉన్నచోట మెరుగుపెట్టే ఒత్తిడికి లోహం కొద్దిగా వంగుతుంది. ఒత్తిడి తీసేశాక తిరిగి పైకి లేచి, చుట్టుపక్కల కన్నా ఎక్కువ ఉబ్బుతుంది. నగిషీ వల్ల మందంగా ఉన్నచోట ఈ వంగుడు తక్కువ కాబట్టి ఆ భాగం చదునుగా మిగులుతుంది. ఉబ్బిన భాగాల మీద పడిన కాంతి చెదిరిపోయి గోడ మీద నీడగా, చదును భాగాల మీద పడినది దగ్గరగా చేరి వెలుగుగా కనిపిస్తుంది. ఎత్తుపల్లాల తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిదే. వేలికి తగలదు, ముఖం చూసుకునేవారికి కనబడదు. గోడ దాకా సాగిన కాంతి మాత్రం ఆ తేడాను పెద్దది చేసి చూపుతుంది. 2006లో భౌతికశాస్త్రవేత్త మైకేల్ బెర్రీ దీనికి గణిత రూపం ఇచ్చారు.

చిలుము, కంచు రోగం

నేల కింద వందల ఏళ్లు పడి ఉన్న కంచు మెరుపు పోగొట్టుకుంటుంది. గాలి, నీరు, మట్టిలోని లవణాలు కలిసి ఆకుపచ్చ, నీలి చిలుము పట్టిస్తాయి. తగరం ఎక్కువ ఉన్న అద్దాల్లో మాత్రం కొన్నిసార్లు విచిత్రం జరుగుతుంది. రాగి కరిగిపోయి, పైపొరలో తగరపు ఆక్సైడు మిగిలి, నల్లని నిగనిగలాడే పూతలా స్థిరపడుతుంది. చైనా సేకరణదారులు దీన్ని నల్ల లక్కతో పోల్చి ఎంతో విలువిస్తారు. ఆ పొర ఉన్న అద్దంలో ముఖం ఇప్పటికీ కనిపించవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సంరక్షకులు కంచు రోగం అని పిలిచే స్థితి. లోహంలో దాగిన క్లోరైడు లవణాలు తేమ, ఆక్సిజన్‌లతో చర్య జరిపి లేత ఆకుపచ్చ పొడిగా మారతాయి. ఈ చర్యలో పుట్టే ఆమ్లం మళ్లీ లోహాన్ని తింటుంది. వదిలేస్తే అద్దం పొడిపొడి అవుతుంది. అందుకే ప్రదర్శన పెట్టెల్లో గాలి తేమను 40 శాతానికి దిగువన ఉంచడానికి సిలికా జెల్ వాడతారు, బెంజోట్రయజోల్ వంటి రసాయనంతో లోహానికి రక్షణపొర ఇస్తారు. హైదరాబాదు వంటి నగరంలో వానాకాలపు తేమ దీనికి పెద్ద పరీక్ష. పాత కంచును చింతపండుతోనో బూడిదతోనో తోమి మెరిపించడం ఇళ్లలో మంచి అలవాటే గానీ పురావస్తువు విషయంలో మహానష్టం. పైపొరలోనే చరిత్ర ఉంటుంది.

ప్రదర్శనలో రెండో ముఖం

మ్యూజియం ఎందుకు వెనుక వైపునే చూపుతుందో ఇప్పుడు స్పష్టం. ముందు వైపు చాలాసార్లు చిలుము పట్టి ఉంటుంది, చిత్రం, శాసనం, కాలాన్ని తెలిపే గుర్తులన్నీ వెనుకే ఉంటాయి. పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుగులో పోత నగిషీ ఉబ్బెత్తుగా లేస్తుంది కాబట్టి దీపాలు కూడా దానికి తగ్గట్టే అమరుస్తారు. కానీ అంతటితో ఆగితే సందర్శకుడు అద్దాన్ని అలంకారపు పళ్లెంగా అనుకుని వెళ్లిపోతాడు.

కొన్ని మ్యూజియాలు ఈ లోటును తీర్చాయి. షాంఘై మ్యూజియం హాన్ కాలపు కాంతి చొరబడే అద్దాన్ని దాని ప్రభావంతో సహా చూపి ప్రసిద్ధి పొందింది. 2014లో క్యోటో జాతీయ మ్యూజియం పరిశోధకుడు రియు మురాకామి, జపాన్‌లోని ఒక సమాధిలో దొరికిన త్రికోణపు అంచు అద్దాలను కొలిచి, త్రీడీ ముద్రణతో నకళ్లు చేయించారు. మూలం తుప్పు పట్టి ఉన్నా, మెరుగుపెట్టిన నకలు మీద వెలుగు పడగానే వెనుక చిత్రం గోడ మీద తేలింది. మూడో శతాబ్దపు ఆ అద్దాలకు అలాంటి గుణం ఉండవచ్చని అప్పుడే తెలిసింది. అమెరికాలోని సిన్సినాటి ఆర్ట్ మ్యూజియంలో క్యురేటర్ హౌ-మే సంగ్, గిడ్డంగిలో ఉండిపోయిన ఒక కంచు అద్దం మీద ఫోన్ దీపం వేసి చూశారు. గోడ మీద కిరణాల మధ్య అమితాభ బుద్ధుని రూపం కనిపించింది. అద్దం వెనుక అమితాభుని పేరు మాత్రమే ఉంది, బొమ్మ లేదు. బొమ్మ ఉన్న పొర మీద మరో పలక కప్పి దాచారన్నమాట. 2022లో ఆ అద్దాన్ని వెలుగుతో సహా ప్రదర్శనకు పెట్టారు.

మన దేశానికి మరో దారి ఉంది. కేరళలోని ఆరన్ముళలో కొన్ని కుటుంబాలు ఇప్పటికీ కంచు అద్దాలు పోస్తున్నాయి. వాటిలో తగరం దాదాపు మూడో వంతు. శారదా శ్రీనివాసన్, ఇయాన్ గ్లోవర్ చేసిన పరిశోధన ప్రకారం ఆ లోహం రాగి, తగరాలు ఒక స్థిరమైన నిష్పత్తిలో కుదిరిన తెల్లని డెల్టా రూపం. చైనా అద్దం ఒకప్పుడు ఎలా మెరిసేదో చూపడానికి ఆరన్ముళ అద్దాన్ని పక్కన పెడితే చాలు. పాళ్లు వేరైనా సూత్రం ఒకటే. దక్షిణ భారతంలో తగరం ఎక్కువ వాడిన కంచుకు పాత చరిత్రే ఉంది. నీలగిరులు, ఆదిచనల్లూరు వంటి చోట్ల పురాతన సమాధుల్లో అలాంటి పాత్రలు దొరికాయి.

హైదరాబాదులో ఇలాంటి ప్రదర్శనకు కావలసిన ఆలోచన ఎప్పటి నుంచో కళ్లముందే ఉంది. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారిన సాలార్ జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ కళాఖండాలకు ప్రత్యేక విభాగాలున్నాయి. అదే మ్యూజియంలో అందరూ ఆగి చూసే కొయ్యశిల్పం ఒకటి ఉంది. ఒకే మానులో ముందు వైపు గర్వంగా నిలిచిన మెఫిస్టోఫిలిస్, వెనుక వైపు తలవంచిన మార్గరెటా. శిల్పం వెనుక నిలువుటద్దం పెట్టడం వల్ల సందర్శకులు ఒకేచోట నిలబడి ఇద్దరినీ చూడగలుగుతున్నారు. రెండు ముఖాలున్న ఏ వస్తువుకైనా ఇది వర్తించే పద్ధతి. కంచు అద్దాన్ని ఇలాగే నిలబెట్టి, వెనుక చిన్న అద్దం అమర్చి, పక్కన మెరుగుపెట్టిన నకలునూ ఒక దీపాన్నీ ఉంచితే, చరిత్రనూ విజ్ఞానాన్నీ ఒకే బల్ల మీద చూపవచ్చు.

అందుకు కావలసిన నిపుణత నగరంలోనే ఉంది. మెట్టుగూడ దాటి ఉప్పల్ వైపు వెళ్లే దారిలో తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది, పక్కనే ఉస్మానియా ప్రాంగణంలో పురావస్తు, ఖగోళ, భౌతిక శాస్త్ర విభాగాలు ఉన్నాయి. లోహపు పాళ్లు తేల్చేవారు, శాసనకాలాన్ని అంచనా కట్టేవారు, కాంతి లెక్కలు చెప్పగలవారు ఒకరికొకరు నడిచి చేరేంత దూరంలో ఉన్నారు. మ్యూజియం, విశ్వవిద్యాలయం కలిసి ఒక కంచు అద్దపు నకలును పోయించి, మెరుగుపెట్టించి, విద్యార్థుల చేతికి ఇవ్వాలి. పాఠశాల పిల్లలు దాన్ని ఎండలో పట్టి గోడ మీద చిత్రం చూసిననాడు లోహశాస్త్రం, కాంతిశాస్త్రం, చరిత్ర మూడూ ఒకే పాఠంగా వారికి అందుతాయి.